నివేస్ గొంతు విన్నదెవరు

మా ఊరి ఒపేరా థియేటర్లో ముప్పై ఏళ్లకు పైగా కోరస్‌లో పాడిన నివేస్ గిరార్ది పేరు ఏ గోడ పత్రికలోనూ పెద్దక్షరాలతో పడలేదు. ఒక వారం సన్యాసిని, ఇంకో వారం బానిస పిల్ల, మరో వారం పెళ్లిలో పువ్వులు జల్లే పల్లెటూరి ఆవిడ. ఏ వేషం కట్టినా ఆమె చోటు రెండో వరసే. మిగతావాళ్లు పాట మధ్యలో పక్కవాళ్ల గొంతు చాటు చేసుకుని దొంగ గుక్క తీసేవాళ్లు. నివేస్‌కి ఆ అవసరం పడేది కాదు. అంత ఊపిరి ఎక్కడిదమ్మా అని ఎవరైనా అడిగితే "మా మాస్టారు పెట్టిన భిక్ష" అనేది. ఆ మాస్టారి సంగతి అడిగితే మాత్రం మాట మార్చేసేది. ఆమె చెప్పకపోయినా ఊళ్లో అందరికీ తెలుసు. అసలు ఏ రహస్యమూ కడుపులో దాచుకోలేని ఊరు మాది. ఆ ఒక్కటీ మాస్టారికి తెలియకుండా ఎలా దాచిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నివేస్ తండ్రి ఎర్మేతె పక్క పల్లెలో చీజ్ గోదాములో పని చేసేవాడు. బండి చక్రమంత చీజ్ దిమ్మల్ని చిన్న సుత్తితో కొట్టి, మోత విని, లోపల పగులు ఉందో లేదో చెప్పడం ఆయన పని. చీజ్ విషయంలో ఆయనవి పాము చెవులు. కూతురి విషయంలో ఆ రెండు చెవులూ మూసుకుపోయేవి. పిల్ల గిన్నెలు తోముతూ కూనిరాగం తీసినా చాలు, సుత్తి పక్కన పడేసి "విన్నారా? విన్నారా?" అని గోదాములో అందరి మీదా పడేవాడు. వాళ్లు తల ఊపేవారు. ఆయన చేతి కింద పని చేసేవాళ్లు, ఊపక ఏం చేస్తారు?

యుద్ధం అయిపోయిన కొన్నేళ్లకు ఆయన ఆ పిల్లను వెంటబెట్టుకుని మా ఊరి కన్సర్వేటరీకి, అదే సంగీత కళాశాలకి, ప్రవేశ పరీక్షకు వచ్చాడు. పరీక్షకు ముగ్గురు కూర్చున్నారు. నడుమ కూర్చున్నది బొన్‌ఫాంతి మాస్టారు. యుద్ధానికి ముందు దేశమంతా తిరిగి పాడినవాడు, ఇప్పుడు పాఠాలు చెబుతున్నాడు. నివేస్ పాట మొదలుపెట్టిందో లేదో ఆయన అరచెయ్యి దభీమని బల్ల మీద పడింది. పిల్ల హడలిపోయి ఆగబోతే "కానివ్వు, కానివ్వు" అన్నాడు. పాట అయ్యాక పక్కవాళ్లిద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. బొన్‌ఫాంతి వాళ్లకేసి తిరగను కూడా లేదు. "ఈ పిల్ల నాది" అనేశాడు. తలుపు సందులోంచి చూస్తున్న ఎర్మేతె ఆ సాయంత్రం ఊళ్లో కనపడ్డవాళ్లందరికీ ద్రాక్షసారా పోయించాడు. "మొదటి ముక్కకే పట్టేశాడయ్యా మాస్టారు! ఒక్క ముక్కకే!" అని ఆ తరవాత ఎన్నేళ్లు చెప్పుకు తిరిగాడో లెక్కలేదు.

బొన్‌ఫాంతి క్లాసు తీరే వేరు. మొదటి శీతాకాలం అంతా ఒక్క స్వరం కూడా పాడనిచ్చేవాడు కాదు. నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద చల్లటి ఇస్త్రీపెట్టె పెట్టి, ఊపిరి పీల్చమనేవాడు. అది నిదానంగా లేవాలి, నిదానంగా దిగాలి. తరవాత ముఖం ముందు కొవ్వొత్తి వెలిగించి పాడమనేవాడు. మంట రెపరెపలాడిందంటే తిట్లే. "గాలి అమ్ముకుంటున్నావా? సంతలో బుడగలు అమ్ముకో పో!" అనేవాడు. పాడుతున్నంతసేపూ ఎడమ చెయ్యి పియానో మూత మీద ఆనించి ఉంచేవాడు. ఆయన చెక్కలోంచి గొంతు వింటాడని పిల్లలు కథలుగా చెప్పుకునేవారు. వెనక నుంచి ఎవరైనా పలకరిస్తే ఆయన పలికేవాడు కాదు. "పాడేవాడు మొహం చూసి మాట్లాడాలి. వీపుతో మాట్లాడేది దొంగలు" అని నియమం పెట్టాడు. గొప్పవాళ్లకు ఇలాంటి తిక్కలు ఉంటాయి లెమ్మని క్లాసులో అందరూ మురిసిపోయేవారు. చెప్పొద్దూ, నేను కూడా మురిసిపోయినవాళ్లలో ఉన్నాను.

పియానో దగ్గర ఆర్జియా ఉండేది. పెళ్లి చేసుకోలేదు కాబట్టి యాభై దాటినా అందరికీ ఆమె సిన్యోరీనాయే. పాఠం జరిగేటప్పుడు ఒక్క మాట మాట్లాడేది కాదు. ఎవరైనా శ్రుతి తప్పారంటే మాత్రం, ఆమె ముఖం చిట్లించే లోపలే బొన్‌ఫాంతి కేక వినపడేది. "జారింది! మళ్లీ!" ఆ చెవులకు దండం పెట్టాలి అనుకునేది నివేస్.

అయిదేళ్లు అలా గడిచాయి. నివేస్ ఒక చల్లటి అటక గదిలో అద్దెకుండి, రెండు పూటలా మొక్కజొన్న అంబలి తాగి చదివింది. తండ్రి వృద్ధాప్యంలో కూడా రెండు గోదాముల్లో సుత్తి పట్టాడు. చదువు వద్దు, స్కూల్లో టీచరుద్యోగం ఉందని ఎవరో అంటే ఎర్మేతె వాళ్లతో మాటలు మానేశాడు. అంతా ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. నెలకో రెండు నెలలకో ఒకసారి బొన్‌ఫాంతి మాస్టారు పియానో మూత మీంచి చెయ్యి తీసి "నీ గొంతు అందరికీ దొరికేది కాదే పిల్లా" అనేవాడు. ఆ మాటకి ఆమె ఆకలి తీరిపోయేది.

చివరి ఏడాది ఫిబ్రవరిలో ఆర్జియా మంచు మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వేరే ఎవరినైనా పంపిస్తామంటే బొన్‌ఫాంతి ఒప్పుకోలేదు. "శ్రుతి నేనే ఇస్తాను. నాకు వేళ్లు లేవా?" అన్నాడు. అదే వారం నివేస్‌కి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మాట్లాడబోతే గాలి తప్ప శబ్దం లేదు. పాఠం ఎగ్గొడితే ఆయన వారం పాటు మొహం మాడ్చుకుంటాడని, స్వయంగా చెప్పి వెళ్దామని వచ్చింది.

"మాస్టారూ, నాకు గొంతు..."

"మాటలు తరవాత. ముందు పాడు," అని ఆయన పియానో మీద ఒక మెట్టు నొక్కాడు.

గొంతు బాగాలేనప్పుడు పాటగాళ్లు ఊరికే పెదవులు కదుపుతూ, ఊపిరి మాత్రం సరిగ్గా పడుతూ సాధన చేసుకోవడం మామూలే. ఎలాగూ రెండు ముక్కలు వినగానే ఆయనే ఆపేస్తాడనుకుని నివేస్ అలాగే మొదలుపెట్టింది. యుద్ధానికి పోయిన కొడుకు కోసం ఒక తల్లి పాడే పాట అది. పెదవులు కదిపింది. ఊపిరి పట్టింది, వదిలింది. గదిలో పొయ్యి కట్టెల చిటపట తప్ప ఇంకే చప్పుడూ లేదు. బొన్‌ఫాంతి ఆపలేదు. పై స్వరం దగ్గరికి వచ్చేసరికి మెల్లగా వేలు పైకెత్తాడు. పాట అయిపోయింది. ఆయన కళ్లలో నీళ్లు!

"ఇదీ! ఇదీ పాటంటే! ఆ పై స్వరం ఎంత గుండ్రంగా వచ్చిందో చూశావా? అయిదేళ్లకి ఇవాళ పాడావే పిల్లా!"

వెక్కిరిస్తున్నాడేమో అనుకుంది నివేస్. ఆయన నోటికి అదేమంత పెద్ద పని కాదు. కానీ వెక్కిరించేవాడి కళ్లలో నీళ్లెందుకు వస్తాయి?

"ఇవాళ గొంతు లేదు మాస్టారూ," అంది గాలితో.

ఆయన ఆమె పెదవులకేసి చూశాడు. "రోజూ ఇదే గోల. ఆ పిరికితనం వదిలించుకో. ఇక పో, ఇవాళ్టికి ఇంకేం పాడొద్దు. ఈ రుచి నోట్లో ఉండగానే ఇంటికి పో."

అని ఆయన అటు తిరిగి కోటు తొడుక్కుంటున్నాడు. నివేస్ తలుపు దగ్గర ఆగింది. ఏం చేస్తున్నానో తనకే తెలియకుండా ఆయన వీపు వెనక చప్పట్లు కొట్టింది. తిరగలేదు. ఈసారి అరచేతులు మండేలా కొట్టింది. బొన్‌ఫాంతి మాస్టారు తాపీగా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు.

ఆ చలిలో తలకు గుడ్డ కూడా కట్టుకోకుండా ఆమె ఆర్జియా ఇంటికి పరుగెత్తింది. ఆర్జియా కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఎడం చేత్తో అంబలి తిప్పుతోంది. నివేస్ ముఖం చూడగానే గరిటె ఆగిపోయింది.

"తెలిసిపోయిందా?" అంది.

నివేస్ కుర్చీలో కూలబడింది. "అంటే... నిజమేనా? ఎప్పట్నుంచి?"

"యుద్ధంలో రైలు స్టేషన్ మీద బాంబులు పడ్డ రోజు నుంచి. మొదట్లో కాస్తో కూస్తో వినపడేదిలే. ఇప్పుడు చెవి పక్కన ఫిరంగి పేల్చినా తెలీదు. అరవకు తల్లీ... నీకెలాగూ ఇవాళ అరుపు రాదు కదా."

"మరి శ్రుతి తప్పితే పట్టుకుంటాడు కదా!"

ఆర్జియా చెప్పు విప్పి, చిరిగిన మేజోడులోని మడమతో నేల మీద తట్టింది. "ఒకటి కొడితే కిందికి జారినట్టు. రెండు కొడితే పైకి పోయినట్టు. ఆ చెక్కనేల మీంచి ఆయన కాళ్లకి అందుతుంది."

నివేస్ ఆ మడమకేసే చూస్తూ ఉండిపోయింది. అయిదేళ్లు తిన్న తిట్లన్నీ ఆ చిరిగిన మేజోడులోంచి వచ్చినవా?

"బావుందనీ నువ్వే కొడతావా, సిన్యోరీనా?"

"బావుండడం నాకేం తెలుసే? నేను పియానోదాన్ని. శ్రుతి ఉందా లేదా, అంతవరకే నా పని. బావుందో లేదో ఆయనే చూసుకుంటాడు."

"చూసుకుంటాడా? చెవిటాయన ఏం చూసుకుంటాడు?"

"నీ పక్కటెముకలు చూస్తాడు. దవడ చూస్తాడు. ఊపిరి ఎక్కడ ఆగిందో చూస్తాడు."

అప్పుడు నివేస్‌కి అసలు ప్రశ్న తట్టింది. "ప్రవేశ పరీక్షలో నన్ను ఎవరు తీసుకున్నారు?"

"ఆయనే కదా."

"విని?"

ఆర్జియా మళ్లీ గరిటె తిప్పడం మొదలుపెట్టింది. "మిగతా ఇద్దరూ వద్దన్నారు. ఎందుకన్నారో నన్నడక్కు."

"బల్ల గుద్దాడు కదా! మొదటి ముక్కకే..."

"మొదటి ముక్కకి కాదే పిచ్చిదానా. నువ్వింకా నోరు తెరవలేదు. పాటకు ముందు గుక్క తీశావు చూడు, అప్పుడే గుద్దాడు."

అంటే తన గొంతు విన్నవాళ్లు వద్దన్నారు. కావాలన్నవాడు వినలేదు. తండ్రి అరిగిపోయిన మోకాళ్లు, తన అయిదేళ్లు, ఇంటింటా చెప్పుకున్న ఆ గొప్పలు, అన్నీ ఒక గుక్క గాలి మీద కట్టినవే. అసలు తనకు గొంతంటూ ఉందా? ఇది తెలియకుండా ఇక బతకలేననిపించింది ఆమెకు.

గొంతు తిరిగి రాగానే కన్సర్వేటరీ డైరెక్టర్ జనెల్లిగారి గదికి వెళ్లింది. ఉన్నదంతా కక్కేసింది. ఆయన అదిరిపడతాడనుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"తెలుసమ్మాయీ."

"మీకు తెలుసా!"

"ఊరంతటికీ తెలుసు. ఇది మామూలు ఊరా? గ్యాలరీలో కూర్చున్న మంగలి, పావు స్వరం జారితే ఈల వేసి పాటగాణ్ణి ఇంటికి పంపించే ఊరు. అలాంటి ఊళ్లో ఒక పాట మాస్టారికి చెవుడైతే తెలీదా? తెలీనిది ఆయన శిష్యులకే."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"ఆయన పిల్లలు బాగా పాడుతున్నారు కాబట్టి. పైగా మాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలీదు. తెలిస్తే ఆ మర్నాడే చచ్చిపోతాడు."

నివేస్‌కి ఒళ్లు మండిపోయింది. "ఇంతమంది కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారన్నమాట! నాకు గొంతు ఉందా లేదా? అదొక్కటి చెప్పండి, చాలు."

జనెల్లిగారు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "అది పరీక్షలో చెప్తారు. క్లాసు మార్చమంటే మారుస్తాను. ఎందుకు మారావో రాసివ్వాలి. రాస్తే ఆయన ఉద్యోగం పోతుంది. నీ ఇష్టం."

ఆమె రాసివ్వలేదు. జాలితో అని ఊళ్లోవాళ్లు తరవాత మెచ్చుకున్నారు కానీ, అదేం కాదు. భయంతో. కొత్త మాస్టారు మొదటి రోజే "నీకు గొంతు లేదు, ఇంటికి పో" అంటే ఏం చెయ్యాలి? తండ్రి మొహం ఎలా చూడాలి? అందుకని మాట్లాడకుండా పాత క్లాసుకే వెళ్లింది. కోపం మాత్రం చల్లారలేదు. ఆర్జియా తిరిగి రాకముందు ఒకటి రెండుసార్లు కావాలని అపస్వరం పాడి, ఆయన ముఖం చూసింది. ఆయన చిరునవ్వుతో తల ఊపాడు. ఆ నవ్వు చూసి ఇంటికెళ్లి దిండులో మొహం దాచుకుని ఏడ్చింది.

జూన్‌లో పరీక్ష. బల్ల దగ్గర జనెల్లిగారు, బొన్‌ఫాంతి మాస్టారు, మిలాన్ నుంచి వచ్చిన ఒక పూర్వపు గాయని కూర్చున్నారు. పియానో బయటివాళ్లే వాయించాలని నియమం, కాబట్టి ఆర్జియా మడమ లేదు. వెనక వరసలో ఎర్మేతె ఆదివారపు కోటు వేసుకుని, పక్కవాళ్లకి అప్పుడే ఏదో చెబుతున్నాడు.

నివేస్ మొదటి చరణం ఎలాగో గట్టెక్కించింది. రెండో చరణంలో, పై స్వరానికి ముందున్న పొడుగాటి వాక్యం దగ్గర, మిలాన్ ఆవిడ పెన్సిల్‌తో ఏదో రాయడం కంటపడింది. అంతే, గుండె జారిపోయింది. ఊపిరి పొట్టలోంచి లేచి భుజాల దగ్గర ఇరుక్కుంది. గొంతు ఇంకా బాగానే ఉంది, గదిలో ఎవరికీ ఏమీ తెలియలేదు. మునిగిపోతున్నానని ఆమెకొక్కదానికే తెలుసు.

కాదు, బొన్‌ఫాంతికి కూడా తెలుసు. బల్ల వెనక ఆయన ముఖం పాలిపోయింది. ఆమెనే చూస్తూ భుజాలు కిందికి వదిలేశాడు, నోరు కొద్దిగా తెరిచాడు, పొట్ట నిండా గాలి తీసుకున్నాడు. అంతమంది ముందు, చంటిపిల్లకు అన్నం పెడుతూ తల్లి తనూ నోరు తెరిచినట్టు. నివేస్ ఆయనతో పాటే గుక్క తీసింది. వాక్యం చివరిదాకా వెళ్లింది. పై స్వరం తాకింది, నిలిచింది. ఆమె పాడటం ఆపేదాకా ఆయన కూడా ఊపిరి వదల్లేదు.

పాసయింది. కాగితాల మీద సంతకాలు అయ్యాక మిలాన్ ఆవిడ ఆమెను కిటికీ దగ్గరికి పిలిచింది.

"ఒక మాట చెప్తాను, ఏడవకు. నీది మామూలు గొంతమ్మా. మెరుపు లేదు, ప్రత్యేకత లేదు. ప్రవేశ పరీక్షకి నేను గనక కూర్చుని ఉంటే నిన్ను తీసుకునేదాన్ని కాదు. కానీ ఆ ఊపిరి! అలాంటి ఊపిరి నేను ఇరవయ్యేళ్లుగా చూడలేదు. కోరస్‌లో చేరు. నిన్ను కళ్లకద్దుకుంటారు."

నివేస్ ఏడవలేదు. ఇన్ని నెలలుగా తెలియాలనుకున్నది తెలిసింది. తెలిస్తే ఇంత తేలిగ్గా ఉంటుందనీ, ఇంత ఖాళీగా ఉంటుందనీ ఆమె అనుకోలేదు. చెవులున్న మాస్టారి చేతిలో పడి ఉంటే ఆ ప్రవేశ పరీక్ష రోజే తన పని అయిపోయేదన్న సంగతి ఆమెకు మెట్లు దిగుతుంటే అర్థమైంది.

కింద పెరట్లో బొన్‌ఫాంతి టోపీ చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఏమంది ఆ మిలాన్ మహాతల్లి?"

అబద్ధం చెప్పడం ఎంతసేపు? కానీ ఆమెకు అబద్ధాలంటే అప్పటికే మొహం మొత్తింది. "మామూలు గొంతు అంది మాస్టారూ," అంది, ఒక్కో మాటా విడమరిచి.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "మామూలా?" అన్నాడు. "మామూలా!" చేతిలోని టోపీ కింద పడింది. "ఒక్కసారి విని ఆవిడేం చెప్తుంది? అయిదేళ్లుగా వింటున్నవాణ్ణి నేను! నీ కింది స్వరాలు, అవి... చీకటి పడ్డాక వంటింట్లోంచి అమ్మ పిలుస్తుందే, అలా ఉంటాయి. పైకి వెళ్తుంటే ఆ గరుకు మెల్లగా కరుగుతుంది. ఆఖరి స్వరంలో ఏడుపు ఉంటుంది, కానీ నువ్వు ఏడవవు. అది ఎవరికి వస్తుంది? ఎంతమందిని విన్నాను నేను! మామూలట! చెవిటి వెధవలు!"

ఫిబ్రవరి నుంచి నివేస్ ఆయన్ను మోసగాడనుకుంటోంది. ఇప్పుడు ఎదురుగా ఎర్రబడిన కళ్లతో ఒణుకుతున్న ఈ ముసలాయనలో ఆవగింజంత మోసం లేదు. ఆయన విన్నాడు. లోకంలో ఎక్కడా లేని ఆ గొంతును అయిదేళ్లూ, ప్రతి పాఠంలోనూ, తు.చ. తప్పకుండా విన్నాడు. అది తన గొంతేనని నమ్మాడు.

పెరటి అవతల నుంచి ఎర్మేతె కూతుర్ని కేకేస్తున్నాడు. నివేస్ పలకలేదు. టోపీ తీసి దుమ్ము దులిపి మాస్టారి చేతిలో పెట్టింది. వెలుతురు తన ముఖం మీద పడేలా, పెదవులు ఆయనకు బాగా కనిపించేలా పక్కకు జరిగి నిలబడింది.

"ఇంకా చెప్పండి మాస్టారూ," అంది.